మూసీ గట్టు గిర్ని: మగ్గాలు దిగేలోపు కొలతల డైరీ

పాత నల్లగొండ జిల్లాలో మూసీ కుడి గట్టున, ఒక కత్వకు (ఏటికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టకు) కాస్త దిగువన ఉన్న రైసు మిల్లు ఇది. ఊళ్ళో మాత్రం ఎవరూ మిల్లు అనరు, గిర్ని అంటారు. వడ్లు పట్టిన పెద్ద హాలు, దానికి పడమట ఇంజన్ గది, తూర్పున గోదాం, దక్షిణాన ఉప్పుడు వడ్ల తొట్లు, బాయిలర్, ఆరబోసే గచ్చు ఉన్నాయి. మూసీ ప్రాజెక్టు, సాగర్ ఎడమ కాలువ రాకముందు ఈ పట్టున వరి పండిందంటే అది కత్వల నీళ్ళే. అందుకే గిర్ని ఏటి ఒడ్డుకు వచ్చింది. వడ్లు నానబెట్టడానికీ బాయిలర్‌కూ ఇంజన్ చల్లబడటానికీ నీళ్ళు చేతికందే దూరంలో ఉండేవి.

ఇప్పుడు ఈ హాలును ఒక నేత బృందం తీసుకుంది. 12 గుంట మగ్గాలు హాల్లో, నూలు నిల్వ గోదాంలో, బట్టల అమ్మకం ఇంజన్ గదిలో అన్నది వాళ్ళ ఆలోచన. పాత ఇనుము తీసే పని మొదలయ్యేలోపు గిర్నిని ఉన్నది ఉన్నట్టు కొలిచి నమోదు చేయడానికి మాకు 18 పనిదినాలు దొరికాయి. యాసంగి నాట్ల కాలం, కత్వ నిండుగా ఉంది. ఆ సంగతి 6వ రోజున బాగా తెలిసొచ్చింది.

1వ రోజు: ఊడ్వడం ఆపించడం

మేం వెళ్ళేసరికి ఇద్దరు మనుషులు చీపుర్లతో హాలు శుభ్రం చేయడం మొదలుపెట్టారు. కొలతలు తీసేవాళ్ళు వస్తున్నారని మర్యాదగా చేసిన పని అది. కానీ పాత గిర్నిని నమోదు చేసేటప్పుడు ఇంతకన్నా నష్టం ఇంకోటి లేదు. ఏ యంత్రం ఎక్కడ నిలబడిందో, ఏ గొట్టం ఎటు కక్కిందో చెప్పేది నేల మీది మురికే. నూనె మరక, ఊక పేరుకున్న మూల, తవుడు గట్టిపడి అట్ట కట్టిన పట్టీ, బస్తాలు ఈడ్చి నునుపెక్కిన బండ, ఇవన్నీ సాక్ష్యాలు. గోడలు ఇంకో వందేళ్ళుంటాయి. ఈ మరకలు ఒక్క పూటలో పోతాయి.

ఊడ్చిన మేరకు సుద్దతో గీత గీశాం. హాల్లో పడమటి రెండు ఖానాలు (కప్పు ట్రస్సుల మధ్య భాగాలు) అప్పటికే పోయాయి. నక్షాలో ఆ భాగాన్ని గళ్ళు కొట్టి "ఊడ్చాక చూసినది" అని రాశాం. రేపు ఎవరైనా అక్కడ నూనె మరక లేదు కాబట్టి యంత్రమూ లేదనుకుంటే తప్పవుతుంది.

జాగ్రత్తలు కూడా ఈరోజే తేల్చాం. ఊక దుమ్ములో సిలికా ఉంటుంది కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్కు తప్పనిసరి. గోదాం కప్పు సిమెంటు రేకులది, పాతవాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటిని కోయొద్దు, మేకు కొట్టొద్దు, పొడిగా తుడవొద్దు. బాయిలర్ తలుపు చుట్టూ ఉన్న తెల్లటి తాడు కూడా అదే కావచ్చు కాబట్టి తాకకుండా ఫొటోతో సరిపెట్టాం. ఎలివేటర్ (వడ్లను పైకి ఎత్తిపోసే యంత్రం) అడుగు గుంటలో మూతపడిన గాలి ఉంటుంది. గాలి పంపే బ్లోయర్ అరగంట నడిపి, గ్యాస్ మీటరు చూసి, పైన ఒక మనిషి తాడు పట్టుకుని ఉంటేనే దిగాలి. దీపం పెట్టి చూసే పాత పద్ధతి ఊక దుమ్ము ఉన్న చోట అసలు పనికిరాదు.

2, 3 రోజులు: మట్టం, మూలమట్టాలు

ముందు ఒక స్థిరమైన గుర్తు కావాలి. ఇంజన్ గది గడప రాయి ఈశాన్య మూలను సున్నా అనుకున్నాం. నేల అరిగింది కాబట్టి దాన్ని ఆధారం చేసుకోకూడదు. ఆ గుర్తు నుంచి 1 మీటరు ఎత్తులో నాలుగు గోడల చుట్టూ పెన్సిలు గీత తిప్పాం. దీనికి 15 మీటర్ల పారదర్శక గొట్టంలో నీళ్ళు పోసి చూసే మేస్త్రీల మట్టమే వాడాం. హాలు నిండా యంత్రాలున్నాయి, లేజర్ మట్టం గీత అడుగడుక్కీ అడ్డుపడి తెగుతుంది. గొట్టం అయితే మూల తిరుగుతుంది. గొట్టంలో గాలి బుడగ ఉంటే మాత్రం ఒక సెంటీమీటరు దాకా తప్పు చూపిస్తుంది. నీళ్ళు నింపాక రెండు కొసలూ పక్కపక్కన పెట్టి మట్టం కలిసిందో లేదో చూడకుండా పని మొదలుపెట్టొద్దు. మాకు మొదటి ఆరు గుర్తులు ఇలాగే పోయాయి, మళ్ళీ పెట్టాల్సి వచ్చింది.

హాలు లోపలి కొలత 24.38 మీటర్లు, 10.36 మీటర్లు. అంటే 80 అడుగులు, 34 అడుగులు. కట్టినవాళ్ళు అడుగుల్లో ఆలోచించారు కాబట్టి ప్రతి ముఖ్యమైన కొలతను అడుగుల్లోకి మార్చి చూస్తే తప్పులు బయటపడతాయి. మూలలు సరిగ్గా ఉంటే కర్ణం 26.49 రావాలి. వచ్చినవి 26.31, 26.68. గది మొత్తం ఒక పక్కకు వాలిన పలక ఆకారంలో ఉంది. పది మీటర్ల వెడల్పులో గోడ దాదాపు 20 సెంటీమీటర్లు పక్కకు జరిగింది. పాత బండి బాట ఏటి గట్టు వెంట ఎలా వంగిందో అడ్డగోడలు కూడా అలాగే తిరిగాయి. కర్ణాలు కొలవకుండా గీసి ఉంటే కాగితం మీద చక్కటి దీర్ఘచతురస్రం వచ్చేది, మగ్గాల వరసలు చివరి ఖానాలో గోడకు తగిలేవి.

గోడలు నల్లరాయి, డంగు సున్నం, 60 సెంటీమీటర్ల మందం. కప్పు బెంగుళూరు పెంకులు, కింద టేకు ట్రస్సులు (కప్పును మోసే చెక్క చట్రాలు) ఏడు. 34 అడుగుల వెడల్పుకు నడిమి స్తంభం ఒక్కటే ఉన్న ట్రస్సు చాలదు. ఇక్కడ రెండు నిలువు స్తంభాలు, మధ్యలో అడ్డదూలం ఉన్న క్వీన్ పోస్ట్ ట్రస్సులున్నాయి. ఆ రెండు స్తంభాల మధ్య ఖాళీలోనే అటక వేసి ఎలివేటర్ తలలు నిలబెట్టారు. ట్రస్సు ఎంపికకు యంత్రాలు కూడా కారణమేనని మా అంచనా. వాలు 30 డిగ్రీలు. చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు. పెంకు అడుగున ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది. నేల మీద పడిన 40 పెంకులు తిప్పి చూస్తే మూడు రకాల ముద్రలు కనిపించాయి. అంటే కప్పు ఒకటి రెండుసార్లు మరమ్మతై ఉండొచ్చు. ప్రతి ముద్రనూ ఫొటో తీసి, ఒక్కో రకం నుంచి రెండేసి పెంకులు దాచాం.

4వ రోజు: గోడ మీది గీత వరదదా, తేమదా

ఉత్తరపు గోడ మీద, ఏటి వైపు, సున్నం రంగు మారిన ఒక గీత ఉంది. అందరూ వరద గుర్తు అన్నారు. అలా రాసెయ్యడం తేలిక, కానీ నేల నుంచి ఎగబాకిన తేమ కూడా ఇలాంటి గీతే వదులుతుంది. రెండింటికీ తేడా మట్టంలో తెలుస్తుంది. తేమ గీత అలలు అలలుగా ఉంటుంది. గోడ మందం మారిన చోట, సిమెంటు పూత ఉన్న చోట పైకి లేస్తుంది. వరద గీత నీటి మట్టం కాబట్టి తిన్నగా ఉంటుంది, అన్ని గోడల మీదా ఒకే ఎత్తులో ఉంటుంది.

మా పెన్సిలు గీత నుంచి కిందికి 22 చోట్ల కొలిచాం. హాలు నేల ఈ కొస నుంచి ఆ కొసకు 9 సెంటీమీటర్లు వాలింది, గీత మాత్రం సెంటీమీటరు తేడా లేకుండా నాలుగు గోడల మీదా ఒకే మట్టం. ఇది వరదే. నేల పల్లంగా ఉన్న చోట గీత ఎత్తు 64 సెంటీమీటర్లు. 2020 అక్టోబర్ వరదప్పుడు నీళ్ళు లోపలికి వచ్చాయని పక్క ఇళ్ళవాళ్ళు చూపిన ఎత్తు కూడా దీనికి సరిపోయింది. దీని కింద, 30 నుంచి 45 సెంటీమీటర్ల మధ్య వంకరగా పోయే రెండో గీత ఉంది, దాని మీద తెల్లటి ఉప్పు పొంగు. అది తేమ గీత. ఎక్కడ సిమెంటు పూత పూశారో అక్కడే అది 80 దాకా పాకింది. సున్నపు గోడకు సిమెంటు పూస్తే తేమ బయటికి పోలేక పైకి ఎక్కుతుందని చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు. ఈ రెండు గీతల్నీ వేర్వేరు రంగుల్లో గోడ నక్షాలకు ఎక్కించాం.

5వ రోజు: పట్టాలు (బెల్టులు), చక్రాలు, లెక్కలు

గిర్నికి ప్రాణం లైన్ షాఫ్టు, అంటే ఇంజన్ తిప్పితే పట్టాల ద్వారా యంత్రాలన్నిటినీ తిప్పే పొడవాటి ఇరుసు. ఇక్కడది నేల కింద, 90 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు కాలువలో ఉంది. పైన షాబాదు బండలు, పట్టాలు పైకి రావడానికి బండల్లో చీలికలు. షాఫ్టు మందం 3 అంగుళాలు, పొడవు 17.4 మీటర్లు, మూడు ముక్కలు, ఏడు బేరింగులు.

చక్రాల వ్యాసం నేరుగా కొలవొద్దు, నడుమ షాఫ్టు అడ్డొచ్చి తప్పు వస్తుంది. చుట్టూ టేపు తిప్పి 3.1416తో భాగించాలి. పెద్ద చక్రం చుట్టుకొలత 3,192 మిల్లీమీటర్లు, అంటే 1,016, సరిగ్గా 40 అంగుళాలు. చక్రం ముఖం నడుమ కాస్త ఉబ్బి ఉంటుంది, పట్టా పక్కకు జారకుండా నడిమికి లాక్కునేది ఆ ఉబ్బే. అందువల్ల టేపు నడిమి మీదే పెట్టాలి, అంచున పెడితే 10 మిల్లీమీటర్లు తక్కువొస్తుంది.

ఇంజన్ లేదు, దాని పలక మాత్రం గోడకు మేకు కొట్టి ఉంది: నిమిషానికి 300 చుట్లు. ఇంజన్ చక్రం పాత ఇనుము కుప్పలో దొరికింది, 32 అంగుళాలు. 300ని 32తో గుణించి 40తో భాగిస్తే షాఫ్టు 240 చుట్లు. షాఫ్టు మీది 36 అంగుళాల చక్రం నుంచి హల్లర్ (వడ్ల పొట్టు తీసే పాత రకం యంత్రం) 12 అంగుళాల చక్రానికి పోతే 720. పట్టా జారుడు ఒక్కో చోట రెండు మూడు శాతం తీసేస్తే హల్లర్ 680, 690 చుట్ల మధ్య తిరిగేది. ఇంగెల్‌బర్గ్ రకం హల్లర్‌కు ఇది తగిన వేగమే, కాబట్టి ఆ కుప్పలో దొరికిన చక్రం ఈ ఇంజన్‌దేనని నమ్మొచ్చు. లెక్క తేడా వచ్చి ఉంటే చక్రం వేరే చోటిదని అనుమానించాల్సి వచ్చేది. యంత్రం పోయినా చక్రాలుంటే వేగం తెలుస్తుంది. అందుకే తుక్కు కొనేవాళ్ళు ముందుగా పట్టుకెళ్ళే చక్రాలను మేం ముందుగా కొలిచాం.

రెండు చోట్ల షాఫ్టు మీద జంట చక్రాలున్నాయి. ఒకటి షాఫ్టుకు బిగించినది, పక్కది వదులుగా తిరిగేది. ఇంజన్ ఆపకుండా ఒక్క యంత్రాన్ని ఆపాలంటే కర్ర కొంకితో పట్టాను వదులు చక్రం మీదికి నెట్టేవారు. కొంకి కర్ర మీద చేతులు పట్టిన చోటు నల్లగా నునుపెక్కి ఉంది, ఎత్తు నేల నుంచి 1.05 మీటర్లు. ఫొటోలో దాని పక్కన కొలబద్ద పెట్టడం మరిచి, ఆ ఫొటోలు మొత్తం మళ్ళీ తీశాం.

చక్రాల ముఖం మీద పసుపు రంగు గట్టి అట్ట ఉంది. తుప్పు కాదు, గ్రీజు కాదు, గోటితో గీకితే పొడి రాలుతుంది. అదేమిటో 11వ రోజున తేలింది.

6, 7 రోజులు: కాలువలో నీళ్ళు

బండలు లేపగానే కాలువ అడుగున 40 సెంటీమీటర్ల నీళ్ళు. వాన నీళ్ళనుకుని ఒక హార్స్‌పవర్ మోటారు పెట్టి తోడాం. గంటన్నరలో ఖాళీ అయింది, మూడు గంటల్లో మళ్ళీ అదే మట్టానికి వచ్చింది. నీళ్ళతోపాటు సన్న ఇసుక, సున్నం పిండి కూడా రావడం మొదలైంది. వెంటనే మోటారు ఆపేశాం. అలా తోడుతూ పోతే రాళ్ళ సందుల్లోంచి గార కొట్టుకుపోయి కాలువ గోడ లోపలికి ఒరుగుతుంది. ఏటి పక్క కట్టడాల్లో గుంట నీళ్ళు తోడే ముందు అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడాలి.

కాలువలో ఒక కర్రకు సెంటీమీటర్ల గీతలు కొట్టి నిలబెట్టాం, కత్వ దగ్గర ఇంకో కర్ర. పొద్దునా సాయంత్రం రెండింటినీ చదివి రాశాం. ఏడో రోజు కత్వ తూము ఎత్తి పొలాలకు నీళ్ళు వదిలారు, ఏటి మట్టం 18 సెంటీమీటర్లు తగ్గింది. మర్నాటికి కాలువలో 11 తగ్గింది. గట్టు ఇసుక గుండా ఏరు, హాలు నేల ఒకదానితో ఒకటి కలిసే ఉన్నాయి.

నేత బృందానికి ఇది ముఖ్యమైన సంగతి. గుంట మగ్గంలో నేసేవాళ్ళు నేల మీద కూర్చుని కాళ్ళు గుంటలో పెట్టి తొక్కుడు కర్రలు తొక్కుతారు, గుంట లోతు రెండున్నర, మూడు అడుగులుంటుంది. గుంటలో కొంచెం తేమ ఉంటే నూలు తెగదని వాళ్ళకు ఇష్టమే. కానీ ఇక్కడ రెండున్నర అడుగులు తవ్వితే గుంట అడుగుకూ నీటి మట్టానికీ మధ్య నాలుగైదు సెంటీమీటర్లకు మించి మిగలదు. అదీ యాసంగి మాసంలో. వానాకాలంలో గుంటలు బావులవుతాయి.

8, 9 రోజులు: ఫొటోలు

మామూలు ఫొటోలు ఒక పద్ధతి, కంప్యూటర్‌లో మూడు కొలతల నమూనా కట్టేందుకు తీసేవి ఇంకో పద్ధతి. రెండోదానికి ఒక ఫొటోకూ పక్క ఫొటోకూ 70 నుంచి 80 శాతం కలవాలి, ఫోకస్ మార్చకూడదు, జూమ్ ముట్టుకోకూడదు. హాలుకు 1,140 ఫొటోలు పట్టాయి. నాలుగు చోట్ల నమూనా విఫలమైంది. సున్నం కొట్టిన తెల్ల గోడ మీద పోలికకు గుర్తులు దొరకవు, దానికి గళ్ళ కాగితం ముక్కలు అంటించి మళ్ళీ తీశాం. పెంకుల వరసలన్నీ ఒకేలా ఉండటంతో కంప్యూటర్ ఒక వరసను పక్క వరస మీద పెట్టేసింది, అక్కడ నూలు తాళ్ళకు రంగు గుడ్డలు కట్టి వేలాడదీశాం. నిగనిగలాడే పట్టాలు, కదిలే గబ్బిలాల గుంపు రెండూ మచ్చలుగా వచ్చాయి. వాటిని అలాగే వదిలేశాం, పట్టాలను చేత్తో గీశాం.

గోడ మీది రాతలకు టార్చి పక్క నుంచి, గోడకు దాదాపు ఆనించి వేయాలి. ఎదురుగా వేస్తే ఏమీ కనిపించదు. పట్టించే కూలి రేట్ల పలక ఒకటి ఇలా వెలుగు వేస్తే మూడు పొరలు చూపించింది. పైన పైసలు, కింద అణాలు, అట్టడుగున ఉర్దూ అంకెలు. కాంటా పక్కన గోడంతా బొగ్గుతో గీసిన లెక్క గీతలు, నాలుగు నిలువు, ఒక అడ్డం. హమాలీలు బస్తాలు లెక్కపెట్టుకున్నవి. గోడకు సున్నం వేసే ప్రతిపాదన కాగితంలో ఈ చోటు చుట్టూ ఎర్ర గీత గీసి ఇచ్చాం.

10వ రోజు: చిట్టా పుస్తకాలు

అటక మీద చెదలు తిన్న లెక్కల పుస్తకాలు ఏడు దొరికాయి. విప్పకుండా, ఒక్కోటీ విడివిడిగా కాగితం సంచీలో పెట్టాం. ప్లాస్టిక్ సంచీలో పెడితే చెమ్మ చేరి పేజీలు అతుక్కుంటాయి. తెరవగలిగిన రెండింటినీ కిటికీ వెలుగులో ఫొటో తీశాం.

తేదీలు ఫసలీలో, అంటే నిజాం పాలనలో వాడిన సంవత్సరాల లెక్కలో ఉన్నాయి. నిజాం రాజ్యపు ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం, కానీ అక్కడే పొరపాటు జరుగుతుంది. ఆ సంవత్సరం అక్టోబర్‌లో ఆజూర్ నెలతో మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచి వచ్చే నెలలకు 591 కలపాలి. 1358 ఫసలీలో జాగీర్ల రద్దు శాసనం వచ్చింది 1949 ఆగస్టులో. లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఇలాంటి తెలిసిన తేదీ ఒకటి దగ్గర పెట్టుకోవాలి. తూకాలు పల్లాల్లో ఉన్నాయి. పల్లా అంటే 120 సేర్లు, మూడు మణుగులు, ఇప్పటి లెక్కలో 112 కిలోలు. డబ్బు హాలీ సిక్కాలో (నిజాం నాణెం), ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ (బ్రిటిష్ ఇండియా) రూపాయలు. ఇవి మార్చకుండా పుస్తకంలో ఉన్నట్టే రాసుకుని, మార్చిన లెక్కను పక్క వరసలో వేశాం. మార్చినదొక్కటే రాస్తే తర్వాత చూసేవాళ్ళకు తప్పు పట్టుకునే దారి ఉండదు.

11, 12 రోజులు: పనిచేసినవాళ్ళతో

కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే గిర్ని గురించి పొడిపొడి మాటలే వస్తాయి. వాళ్ళు నిలబడ్డ చోటికే తీసుకెళ్ళి, వడ్లు ఎక్కడ దించేవాళ్ళో అక్కడి నుంచి నడుస్తూ అడగాలి. ఫిట్టర్‌నూ హమాలీలనూ మాత్రమే పిలిచి ఊరుకునే అలవాటు చాలామందికి ఉంది. గచ్చు మీద వడ్లు తిరగేసినవాళ్ళు, నూకలు చెరిగినవాళ్ళు అంతా ఆడవాళ్ళు. ఉప్పుడు వడ్లు ఎంత ఆరాయో పంటి కింద కొరికి చెప్పే నేర్పు వాళ్ళది. వాళ్ళలో నలుగురిని విడిగా కలిశాం. పేర్లు రాయాలా వద్దా అన్నది వాళ్ళిష్టం, ఆ మాట రికార్డు మొదట్లోనే అడిగి ఉంచాం.

చక్రాల మీది పసుపు అట్ట చిక్కుముడి ఇక్కడే విడిపోయింది.

"తాతా, పట్టా జారితె ఏం చేసెటోళ్లు?"

"గుగ్గిలం పొడి జల్లెటోళ్లం బిడ్డా. జల్లంగనె చక్రాన్ని గట్టిగ పట్టుకునేది. ఎక్కువ జల్లితె మల్ల పట్టా తెగేది."

చక్రాల ముఖం మీద ఉన్నది ఏళ్ళ తరబడి చల్లిన గుగ్గిలం. దాన్ని గీకి తీసి రంగు వేయొద్దని చక్రాల చీటీల మీద రాశాం.

ఇంకో సంగతి. మొదట్లో హల్లర్లే ఉన్నప్పుడు ఊక, తవుడు కలిసి ఒకే చోట పడేవని, రబ్బరు రోలు షెల్లర్ (రబ్బరు రోళ్ళ మధ్య పొట్టు తీసే కొత్త రకం యంత్రం) వచ్చాక ఊకను పంకా ఏటి వైపు ఊదేదని అన్నారు. ఉత్తరపు గోడకు ఉన్న 45 సెంటీమీటర్ల రంధ్రం అప్పటిదే. రాయి అంచులు సుత్తితో పగలగొట్టి సిమెంటు పూశారు, డంగు సున్నం కాదు. యంత్రాల దిమ్మెలు కూడా అదే మాట చెబుతున్నాయి: హల్లర్ల కింద సున్నపు కాంక్రీటు, షెల్లర్ కింద సిమెంటు. 1958 నాటి రైసు మిల్లుల చట్టం తర్వాత, ముఖ్యంగా 1970ల్లో, హల్లర్లు మార్చి కొత్త యంత్రాలు పెట్టమన్న ఒత్తిడి మిల్లులన్నిటి మీదా ఉంది. ఆ మార్పు ఇక్కడ గోడ మీదే రాసి ఉంది. రంధ్రం పూడ్చడం మొదటి ప్రణాళికలో ఉంది. జాలీ బిగించి గాలికి వదలమని అడిగాం, ఒప్పుకున్నారు.

13వ రోజు: గచ్చు, బూడిద

తొట్లు నాలుగు, బాయిలర్ ఒకటి. బాయిలర్ రేకు మీద చెక్కిన రిజిస్ట్రీ నంబరును సుద్ద రాసి ఫొటో తీశాం. బాయిలర్ తనిఖీ కాగితాలు వెతకడానికి ఆ నంబరే తాళంచెవి. గచ్చు పక్కన రెండు చోట్ల చిన్న గుంటలు తవ్వి చూస్తే 55 సెంటీమీటర్ల మేర నల్ల బూడిద. వడ్లలో ఊక ఐదో వంతు, కాల్చిన ఊకలో బూడిద మళ్ళీ ఐదో వంతు దాకా ఉంటుంది, అదంతా ఇక్కడే పరిచారు. దాని మీద నూలుకు రంగులద్దే గది కట్టాలన్నది నేత బృందం ఆలోచన. బూడిద కుంగుతుంది, పునాది దాని కిందికి పోవాలి.

14 నుంచి 16: నక్షాలు

మొత్తం 1:50, యంత్రాలు 1:20, బేరింగు, పట్టా కొంకి, ట్రస్సు అతుకు 1:5. మొత్తం 23 షీట్లు. అన్నిటికన్నా పనికొచ్చేది వడ్లు నడిచిన దారి షీటు: బండి నుంచి కాంటా, కాంటా నుంచి తొట్టి, జల్లెడ, ఎలివేటర్, షెల్లర్, పాలిష్, బియ్యం, తవుడు, నూకలు, ఊక. ఒక్కోదానికి ఒక్కో రంగు. ప్రతి గోడ రంధ్రం, ప్రతి నేల గుంట ఆ దారిలో ఎక్కడ కలుస్తుందో రాశాం. ఎటూ కలవనివి మూడు మిగిలాయి, వాటి పక్కన ప్రశ్న గుర్తు పెట్టి వదిలాం. ఊహించి కలపలేదు.

దిమ్మెల బోల్టుల అమరికకు కాగితం పరిచి బొగ్గు రుద్ది అచ్చు తీశాం. టేపుతో కొలిచిన దానికన్నా అదే నమ్మకం, బోల్టులు వంగి ఉన్నా తెలుస్తుంది.

17వ రోజు: మగ్గాల నక్షా మీద మన నక్షా

నేత బృందంతో కూర్చుని రెండు నక్షాలూ ఒకదానిపై ఒకటి వేశాం. 12 గుంటల్లో ఏడు షాఫ్టు కాలువ మీదో యంత్రాల దిమ్మెల మీదో పడ్డాయి. మిగిలినవాటికి నీళ్ళు. గుంట తవ్వడం మానేసి, నేలను పైకి తేవడం తేలిన దారి. నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు అరుగు కట్టి, ఆ ఎత్తులోనే గుంట దొరికేలా చేయడం. గుంట అడుగు పాత నేల మట్టంలోనే ఉంటుంది, రెండున్నర అడుగుల లోతు వస్తుంది, అరుగు పైభాగం వరద గీత కన్నా 11 సెంటీమీటర్లు ఎత్తున నిలుస్తుంది. వరదొస్తే గుంటలోకి చేరిన నీళ్ళు పోవడానికి అడుగున బయటికి వాలుగా చిన్న తూము. అరుగు లోపల మట్టి నింపొద్దు, ఇటుక గోడల మీద బండలు పరవాలి, గోడకు 30 సెంటీమీటర్లు ఎడం వదలాలి. మట్టి నింపితే తేమ గీత అరుగు ఎత్తుకు ఎక్కుతుంది. షాఫ్టు కాలువ మీది బండలు ఎత్తి చూడగలిగేలా నడిమి దారి కాలువ మీదుగానే పోతుంది.

మగ్గాలు 12 నుంచి 10కి తగ్గాయి. ఉత్తరపు కిటికీలు ఏటి వైపు కాబట్టి రోజంతా ఎండ పొడ పడని సమాన వెలుగు వస్తుంది. రంగులు పోల్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదని నేసేవాళ్ళే అన్నారు. వరసలు ఆ గోడకు సమాంతరంగా వేశాం, వాలిన తూర్పు గోడకు కాదు. స్విచ్చి బోర్డులన్నీ మా పెన్సిలు గీతకు పైన.

18వ రోజు

ఉండాల్సిన యంత్ర భాగాలకు 64 చీటీలు కట్టాం. చక్రాలన్నీ షాఫ్టు మీదే ఉంటాయి. రెండు హల్లర్లు, కాంటా, కొంకి కర్రలు హాల్లోనే. షెల్లర్ రబ్బరు రోళ్ళు కరిగి జిగురుగా మారాయి, వాటిని కొలిచి, ఫొటో తీసి వదిలేశాం. ఫైళ్ళు మూడు కాపీలు, ఒకటి గ్రామ గ్రంథాలయానికి, ఒకటి నేత బృందానికి, ఒకటి మా దగ్గర. 23 షీట్లూ కాగితం మీద కూడా అచ్చు వేసి ఇచ్చాం.

కాలువలో కర్ర తీయలేదు. పొద్దునా సాయంత్రం చదివి రాయడానికి నేత బృందంలో ఒకరు ఒప్పుకున్నారు, పుస్తకం, పెన్సిలు తలుపు వెనక మేకుకు వేలాడుతున్నాయి. ఈ సాయంత్రం మట్టం: కాలువ 31 సెంటీమీటర్లు, కత్వ తూము మూసి ఉంది. వానాకాలం లెక్కలు వచ్చాకే అరుగు ఎత్తు ఖాయం చేస్తారు.